థాయ్‌లాండ్‌లో ముందు గొంతు తగ్గించండి

"అమ్మానాన్నలతో మొదటిసారి థాయ్‌లాండ్ వెళ్తున్నాం, అక్కడి పద్ధతులు ఏం తెలుసుకోవాలి?" అని అడిగారు.

గుళ్లో చెప్పులు విప్పడం, దేవుడి వైపు కాళ్లు చాపకపోవడం మనకెవరూ నేర్పక్కర్లేదు. కాలు తగిలితే కళ్లకద్దుకునే ఇళ్లలో పెరిగినవాళ్లం. ముద్దొస్తున్నారు కదా అని పిల్లల తల నిమరకండి. రాజకుటుంబం మీద జోకులు అసలొద్దు, నేరం రుజువైతే 3 నుంచి 15 ఏళ్ల జైలు. ఇవన్నీ ఏ వీడియో చూసినా చెప్తారు. గొంతు సంగతి మాత్రం ఎవరూ గట్టిగా చెప్పరు. అది నేను మా నాన్న పంచె పుణ్యమా అని తెలుసుకున్నాను.

మా నాన్న రిటైరైన లెక్కల మాస్టారు. ముప్పై ఏళ్లు ఆఖరి బెంచీకి వినపడేలా అరిచిన గొంతు. ఉప్పు అందుకోమన్నా వీధిలోకి వినిపిస్తుంది. బ్యాంకాక్‌లోనే నేను మేలుకోవాల్సింది. వాట్ ఫ్రా కేవ్ గుడి చుట్టూ గోడల మీద వాళ్ల రామాయణం, రామకియెన్, 178 బొమ్మలుగా ఉంటుంది. అందులో హనుమంతుడు బ్రహ్మచారి కాదు. రావణుడి కూతురైన బంగారు మత్స్యకన్యను ప్రేమిస్తాడు. గైడ్ ఆ మాట అనగానే నాన్న "నో, నో, బ్రహ్మచారి!" అని అందుకున్నారు. వాళ్ల గుళ్లో వాళ్ల కథను దిద్దడమేమిటో! మనవాళ్లకిదో జబ్బు. ఎయిర్‌పోర్టులో క్షీరసాగర మథనం బొమ్మ కనిపించగానే "అంతా మనదే" అనేస్తారు, ఆ ముక్క స్పీకర్ ఆన్ చేసి వీడియో కాల్‌లో ఊరందరికీ చెప్తారు.

తర్వాత చియాంగ్ మాయ్ వెళ్లాం. ఆదివారం సాయంత్రం పాత ఊళ్లో పెద్ద వీధి సంత పెడతారు. ఆరింటికి జాతీయగీతం మొదలైంది. అన్ని వేల మందీ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఆ నిశ్శబ్దంలో ఒక్క మా నాన్న గొంతే, ఏనుగు బొమ్మల ప్యాంటు పట్టుకుని, "టూ ఫర్ టూ హండ్రెడ్! లాస్ట్!" అని. అమ్మ మోచేత్తో పొడిచాక గానీ ఆగలేదు. (ఉదయం 8కి కూడా వేస్తారు. మీరూ ఆగండి.)

మర్నాడు పంచె గొడవ. హోటల్ పక్క సందులో కిలోల లెక్కన బట్టలు ఉతికే చిన్న కొట్టు ఉంది, అరవై ఏళ్లావిడ నడుపుతుంది. లోదుస్తులు తీసుకోం అని బోర్డు పెట్టింది. నడుం కింది బట్టలు హీనమని, తల కంటే ఎత్తులో ఆరేయకూడదని వాళ్లలో పెద్దవాళ్లకు పట్టింపు. నాకు నవ్వొచ్చింది కానీ అమ్మకు ఆవిడ మీద గౌరవం పెరిగింది. "మడి తెలిసిన మనిషిరా" అంది.

సాయంత్రానికి నాన్న తెల్ల పంచె గులాబీ రంగుకి తిరిగింది. మూటలో మా చెల్లి ఎర్ర చున్నీ కూడా వేశాం, కాబట్టి తప్పెవరిదో నేను ఇప్పటికీ తేల్చలేదు. నాన్న మాత్రం అక్కడికక్కడే తేల్చేశారు. "వాట్ ఈజ్ దిస్?" అన్నారు. ఆవిడ నవ్వింది. గొంతు పెంచారు. ఇంకా నవ్వింది. "పంచె పాడుచేసి పైగా నవ్వుతోంది చూడరా!" అని నా వైపు తిరిగి అరిచారు. కొట్లో ఉన్న ఇద్దరూ ఫోన్లలోకి తలలు దించేసుకున్నారు. ఆవిడ చేతులు జోడించి, పంచె తీసుకుని, తెర వెనక్కి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. నాన్న పది నిమిషాలు తెరతో పోట్లాడారు.

హోటల్ రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి నాకు విడమరిచి చెప్పింది. ఆ నవ్వు వెక్కిరింత కాదు, సిగ్గుతో ఏం చేయాలో తోచక నవ్వింది అంది. "దయచేసి ఇక ఆపండి" అనడానికీ అదే నవ్వట. నెమ్మదస్తుణ్ణి 'జై యెన్' అంటారు, చల్లని మనసు. మా నాన్నలాంటివాళ్లు 'జై రాన్', వేడి మనసు. "అరిస్తే ఆమె పరువొక్కటే కాదు, మీ నాన్నగారిదీ పోతుంది" అంది. నేను నాన్నకు సగమే తెలుగులో చెప్పాను.

పొద్దున్నే అమ్మ ఒక్కతే వెళ్లింది. ఆ వయసావిడను 'పా' అంటారని, అంటే పెద్దమ్మ లాంటి పిలుపని, ఆ అమ్మాయే నేర్పింది. అసలు వరస పెట్టి పిలవడం మనకలవాటే కదా, అక్కడికెళ్లి అందర్నీ 'హలో, ఎక్స్‌క్యూజ్ మీ' అనడమెందుకో. కొంచెం పెద్దవాళ్లయితే ఆడా మగా ఎవరినైనా 'పీ' అంటే సరిపోతుంది. మగవాళ్లు మాట చివర 'ఖ్రప్', ఆడవాళ్లు 'ఖా' అనాలి. హోటల్ అమ్మాయిల్ని విని నేను రెండ్రోజులు 'ఖా' అంటూ తిరిగాను, ఎవరూ దిద్దలేదు. నవ్వారంతే.

అమ్మ నాలుగు సున్నుండలు పొట్లం కట్టుకుని వెళ్లి, ఒక్క ఉమ్మడి మాటైనా లేకుండా ఆవిడతో అరగంట కూర్చుంది. వచ్చేటప్పుడు ఒక అరటి హస్తం తెచ్చింది. భోజనం సమస్య కూడా అక్కడే తీరింది. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో 'జే' అని ఉన్న కొట్టు ఆవిడే చూపించిందట. ఆ వంటలో మాంసం, గుడ్డు, చేప సాస్ ఏవీ ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా వేయరు. అచ్చం కార్తీకంలో మా అమ్మ వంటే.

కొట్టావిడ పంచె మళ్లీ నానబెట్టి ఉతికింది కానీ రంగు పూర్తిగా పోలేదు. డబ్బులు తీసుకోలేదు. మేం బయల్దేరే రోజు నాన్న సందు మొదట్లోనే ఆగి, అక్కణ్ణుంచే నమస్కారం పెట్టారు. ఆవిడ చేతులు ముఖం దాకా ఎత్తి తిరిగి పెట్టింది. అక్కడ చేతులు ఎంత పైకెళితే అంత గౌరవం. నాన్న అది చూసి తన చేతులు ఇంకొంచెం పైకి జరిపారు.

ఆ పంచె ఇప్పుడు మా డాబా మీద వడియాలు పెట్టడానికి వాడుతోంది అమ్మ. వడియాలకు మాత్రం రంగు అంటలేదు.