చుక్క తర్వాత ఒకటా, రెండా?

చిరంజీవి అమ్మడికి మామయ్య దీవించి రాయునది.

నీ మెసేజ్ చూశాను. మీ సారు రాసిన నివేదికలో వాక్యానికీ వాక్యానికీ మధ్య రెండేసి స్పేస్‌లు ఉన్నాయనీ, నువ్వు కూర్చుని అన్నీ ఒకటి చేస్తే ఆయన చిరాకుపడి మళ్ళీ రెండు పెట్టించారనీ రాశావు. తప్పెవరిదో చెప్పమన్నావు. స్పేస్‌ల సంగతిలో నువ్వే రైటు. అయినా తప్పు నీదే. ఎందుకో చివర్లో చెబుతాను.

ముందు నీ సంగతి. నువ్వు సొంతంగా టైపు చేసేది ఏదైనా సరే, చుక్క తర్వాత ఒక్క స్పేసే కొట్టు. ఇక దాని గురించి ఆలోచించకు.

మీ సారుది నా వయసే అయ్యుంటుంది. మేం టైపు మిషన్ మీద నేర్చుకున్నవాళ్ళం. మాస్టారు వెనక నిలబడి "చుక్క, స్పేస్, స్పేస్" అని తాళం వేస్తున్నట్టు చెప్పేవారు. ఒకటి కొట్టి ఊరుకుంటే ఆ చోట ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టేవారు. ఆయన చెప్పినదాంట్లో అర్థం లేకపోలేదు. ఆ మిషన్లో ఏ అక్షరం నొక్కినా కాగితాన్ని మోసే క్యారేజ్ ఒకే గడి జరుగుతుంది. పెద్ద టైపైతే అంగుళానికి 10 అక్షరాలు, చిన్న టైపైతే 12. ఇంగ్లీషులో సన్నగా ఉండే 'ఐ'కీ, లావుగా ఉండే 'డబ్ల్యూ'కీ ఒకటే జాగా. దాంతో పదాల లోపలే సందులు కనిపిస్తాయి. చుక్క సంగతి చెప్పనే అక్కర్లేదు, అంత గడిలో ఒంటరిగా కూర్చుంటుంది. అలాంటి పేజీలో వాక్యం ఎక్కడ ఆగిందో కంటికి ఆనాలంటే రెండు స్పేస్‌లు ఉండాల్సిందే.

ఈ అలవాటు టైపు మిషన్‌తోనే పుట్టిందని చాలామంది అంటారు. నేనూ చాలాకాలం అదే అనుకున్నాను. కాదు, అచ్చుపని చేసేవాళ్ళకు అంతకుముందే ఉంది. అమెరికాలో పుస్తకాలు వేసేవాళ్ళు అనుసరించే నియమాల పుస్తకం షికాగో మాన్యువల్. 1906లో వచ్చిన దాని మొదటి ఎడిషన్ పదాల మధ్య ఎమ్‌లో మూడో వంతు ఖాళీ, వాక్యం అయ్యాక నిండు ఎమ్ ఖాళీ వదలమంది. ఎమ్ అంటే ఆ టైపు సైజంత వెడల్పు, 12 పాయింట్ల టైపుకు 12 పాయింట్లు. అంటే వాక్యం చివర మూడింతలు! ఇరవయ్యో శతాబ్దంలో ప్రచురణకర్తలు మెల్లగా దాన్ని వదిలేశారు. ఇప్పుడు అదే మాన్యువల్ ఒక్కటి చాలంటోంది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వాళ్ళు మాత్రం తమ రాత నియమాల పుస్తకంలో 2009లో చిత్తుప్రతులకు రెండు పెట్టమని సలహా ఇచ్చి, 2019లో మళ్ళీ ఒకటికి వచ్చారు. కాబట్టి మీ సారును మరీ పాతకాలం మనిషి అనకు.

ఇప్పటి ఫాంట్లలో ఏ అక్షరానికి తగ్గ వెడల్పు దానికి ఉంటుంది. చుక్క ముందు అక్షరాన్ని ఆనుకుని ఉంటుంది, దాని తర్వాత ఒక్క స్పేస్ వదిలినా విరామం తెలిసిపోతుంది. ఇంగ్లీషులోలా వాక్యం మొదట్లో పెట్టే పెద్దక్షరాలు తెలుగులో లేవు కదా, మనకు రెండు ఉంటే మంచిదేమో అని నాకు ఒకప్పుడు అనిపించేది. కానీ మన వాక్యం చివర సాధారణంగా క్రియ వచ్చి కూర్చుంటుంది. 'చేశాడు', 'ఉంటుంది' అనగానే చదివేవాడు ఆగుతాడు. చుక్క కనపడే లోపే వాక్యం అయిపోయిందని తెలుస్తుంది.

రెండు పెడితే అసలు ఇబ్బంది రెండంచులూ సమంగా సర్దిన పేజీలో బయటపడుతుంది. లైను నిండటానికి కంప్యూటర్ స్పేస్‌లను సాగదీస్తుంది. రెండున్నచోట రెండూ సాగుతాయి. అలాంటి సందులు పై లైన్లో, కింది లైన్లో దగ్గరదగ్గరగా పడ్డాయంటే పేజీ మధ్యలో తెల్లటి కాలువ పారినట్టు ఉంటుంది. కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని కళ్ళు కాస్త చికిలించి చూడు, దొరుకుతుంది.

రెండు పెడితే చదవడం తేలిక అని పరిశోధనలో తేలిందని మీ సారు అనొచ్చు. 2018లో అమెరికాలోని స్కిడ్‌మోర్ కాలేజీ వాళ్ళు అలాంటిదొకటి ప్రచురించారు, నిజమే. కూర్చోబెట్టింది 60 మంది విద్యార్థులను. చదివించింది కొరియర్ న్యూ ఫాంట్లో, అంటే మళ్ళీ మా టైపు మిషన్ అక్షరాలే. వేగంలో కాస్త లాభం కనిపించింది, అదీ రెండు కొట్టే అలవాటున్నవాళ్ళకే. అర్థం చేసుకోవడంలో తేడా ఏమీ లేదు.

వెబ్ పేజీలో అయితే ఈ గొడవే లేదు. నువ్వు పది స్పేస్‌లు కొట్టినా బ్రౌజర్ మామూలుగా ఒక్కటే చూపిస్తుంది. ఫోన్‌లో స్పేస్ రెండుసార్లు తడితే చుక్క పడుతుంది చూడు, నా బొటనవేలికి ఆ ఒక్కచోటే గౌరవం దక్కింది.

ఇక తీసేసే పని. ఇక్కడ నేను దెబ్బ తిన్నాను కాబట్టి జాగ్రత్తగా విను. ఒకచోట పనిచేసేటప్పుడు పెద్ద ఫైలు నా చేతికొచ్చింది. ఫైండ్ అండ్ రీప్లేస్ తెరిచి, పైన రెండు స్పేస్‌లు, కింద ఒకటి పెట్టి, 'రీప్లేస్ ఆల్' కొట్టాను. సున్నా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ కొట్టాను. నాలుగున్నచోట ఒక్కసారికి రెండే అవుతాయి కనుక అలాగే కొట్టాలి కూడా. వాక్యాలన్నీ చక్కగా వచ్చాయి. నలభయ్యో పేజీలో ఒక పట్టిక ఉంది. దాన్ని చేసినాయన టేబుల్ పెట్టకుండా, ట్యాబ్ కూడా వాడకుండా, స్పేస్‌బార్ కొట్టుకుంటూ అంకెలను వరసలో నిలబెట్టాడు. నా దెబ్బకు అంకెలన్నీ ఎడమకు జరిగి ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఏ అంకె ఏ గడిదో తెలియలేదు. పాత కాపీ నా దగ్గర లేదు. ఆ సాయంత్రమంతా కాగితం ప్రతి ముందు పెట్టుకుని కూర్చున్నాను.

అందుకని ముందు కాపీ తీసి పెట్టుకో. తర్వాత పేరా గుర్తు (¶) బొమ్మ నొక్కు, వర్డ్‌లో స్పేస్‌లన్నీ చిన్న చుక్కలుగా కనిపిస్తాయి. వరసగా పది చుక్కలున్నాయంటే అక్కడ ఎవరో పట్టిక కట్టారని అర్థం. దాన్ని ముందు అసలు టేబుల్‌గా మార్చు. చుక్కకు బదులు చిన్న సున్నా కనిపిస్తే అది లైను విరగనివ్వని స్పేస్. ఇంటి పేరు అక్షరం ఒక లైన్లో, అసలు పేరు ఇంకో లైన్లో పడకుండా కావాలనే పెడతారు. దాని జోలికి పోకు.

నన్నడిగితే రెండు స్పేస్‌ల కన్నా పెద్ద రోగం ఇంకొకటి ఉంది. నీ మెసేజ్‌లోనే మూడుచోట్ల చూశాను. చుక్కకు ముందు స్పేస్ పెడుతున్నావు, కామా తర్వాత పెట్టట్లేదు. "వచ్చాడు ." అని రాస్తే ఆ చుక్క ఒక్కటీ తర్వాతి లైను మొదట్లోకి జారిపోవచ్చు. "బియ్యం,పప్పు,ఉప్పు" అని కలిపి కొడితే మొత్తం ఒకే మాటనుకుని కంప్యూటర్ ఎక్కడా విరవదు. ఫ్రెంచి వాళ్ళు ప్రశ్న గుర్తుకు ముందు సన్న ఖాళీ వదులుతారు, అది వాళ్ళ పద్ధతి. మనకు అక్కర్లేదు. చుక్క, కామా, ప్రశ్న గుర్తు ముందు మాటను అంటుకునే ఉండాలి.

ఇప్పుడు నీ తప్పు. నువ్వు స్పేస్‌లు మార్చిన ఫైల్లోనే రెండు అంకెలు కూడా సరిచేశానని రాశావు. మీ సారు పాత ఫైలుతో పోల్చి చూసి ఉంటారు. పేజీ నిండా ఎర్ర గుర్తులే. అందులో స్పేస్ మారింది ఎక్కడ, అంకె మారింది ఎక్కడ? ఆయన చిరాకు స్పేస్ మీద కాదు, వెతుక్కోవాల్సి వచ్చినందుకు. ఇంకొకరి ఫైలు చేతికొస్తే ముందు విషయం సరిచేసి పంపు. అది ఖాయమయ్యాక, "సర్, స్పేస్‌లు ఒకటి చేయనా?" అని అడిగి, ఆ ఒక్క పనీ విడిగా చెయ్యి. వద్దంటే రెండే ఉంచు. ఒక ఫైల్లో సగం ఒకటి, సగం రెండు ఉండటం కన్నా అంతా రెండు ఉండటమే నయం.

2020 నుంచి వర్డ్ రెండు స్పేస్‌లను తప్పుగా గీత గీసి చూపిస్తోంది. మీ సారు దాన్ని ఆపేసుకుని ఉంటారు. నేనూ కొన్నాళ్ళు ఆపేసుకున్నాను.

రేపు ఆ నివేదిక పాత ప్రతి నాకు పంపు, అంకెలు రెండూ ఎక్కడ మార్చావో చూస్తాను.

ఇట్లు,
మామయ్య