పల్చటి నల్ల జుట్టుకి హైలైట్స్ సహజంగా కనిపించాలంటే సెలూన్‌లో ఏం అడగాలి?

ముందు షేడ్. మన నల్ల జుట్టు షేడ్ కార్డులో 1 లేదా 2; నంబరు పెరిగేకొద్దీ రంగు లేతగా ఉంటుంది. అక్కణ్ణుంచి 4, 5 నంబర్ల బ్రౌన్ దాకా వెళ్తే చాలు. 8, 9 బ్లాండ్‌కి లాగితే సన్నటి వెంట్రుక తట్టుకోలేక చివర్లు తెగుతాయి.

పాయ 2–3 మిల్లీమీటర్లు మించకూడదు. తోక దువ్వెనతో ఒకటి తీసి ఒకటి వదిలి ఫాయిల్‌లో పెట్టమనండి. మందంగా తీస్తేనే చారలు పడేది. మధ్యలో వదిలిన నలుపే మీకు లోలైట్ (హైలైట్ల మధ్య ముదురు పాయ), దానికి విడిగా డబ్బు దండగ. ఇప్పటికే బ్లీచ్‌తో మరీ తెల్లబారిన జుట్టయితే లోలైట్ వేయించాల్సిందే, కానీ గోల్డెన్ బ్రౌన్‌లో. యాష్ (బూడిద ఛాయ) వేస్తే ఆకుపచ్చగా తేలుతుంది.

డెవలపర్, అంటే బ్లీచ్‌లో కలిపే పెరాక్సైడ్, 20 వాల్యూమ్ (6 శాతం) దాటనివ్వకండి. సన్న వెంట్రుకకి అసలు నలుపు తొందరగా దిగిపోతుంది కాబట్టి ఐదు, పది నిమిషాలకోసారి ఫాయిల్ తెరిచి చూడాలి. దిగేటప్పుడు నారింజ రంగు రావడం మామూలే, నీలం ఛాయ ఉన్న టోనర్‌తో (బ్లీచ్ తర్వాత ఛాయ సరిదిద్దే రంగు) అణుగుతుంది. విజయవాడ, గుంటూరు ఎండలకి, అపార్ట్‌మెంట్ బోరు నీళ్లకి ఆ టోనర్ త్వరగా పోతుంది. వారానికోసారి బ్లూ షాంపూ వాడండి.

ప్యాకెట్ హెన్నా పెట్టే అలవాటుంటే తప్పక చెప్పండి. అందులో లోహ లవణాలుంటే బ్లీచ్ తగలగానే జుట్టు వేడెక్కి పాడైపోతుంది. ముందు ఒక్క పాయ మీద చూడమనండి.