యాప్ లోనుతో డౌన్ పేమెంటా?

ప్రశ్న: బట్టల వ్యాపారం మీద చైనాలోని గ్వాంగ్‌జౌలో ఉంటున్నాను. మాకు డ్రెస్సులు కుట్టే చోట హుబేయ్ పల్లె నుంచి వచ్చిన 29 ఏళ్ల టైలర్ ఉన్నాడు. పీసు లెక్కన కూలీ. సీజన్‌లో నెలకు 7 వేల యువాన్లు వస్తాయి, మిగతా నెలల్లో అందులో సగం కూడా రాదు. ఫ్లాట్ ఉంటేనే పెళ్లి అని అమ్మాయి తరఫువాళ్లు అంటున్నారట. సొంతూరి దగ్గర పట్టణంలో ఇంకా కడుతున్న ఫ్లాట్ 5 లక్షల యువాన్లకు చూశాడు. దాచుకున్న 70 వేలకు, ఫోన్ యాప్‌లో తీసుకునే 60 వేలు కలిపి డౌన్ పేమెంట్ కడతాడట. యాప్ వడ్డీ పడకుండా ఆ 60 వేలు నన్ను ఇవ్వమంటున్నాడు. ఇవ్వనా?

జవాబు: వద్దు. మీ డబ్బు గురించి భయపడి చెప్పడం లేదు, అతని గురించే. పర్సనల్ లోను తీసి డౌన్ పేమెంట్ కట్టి, ఆరు నెలలకు తల పట్టుకున్నవాళ్లు హైదరాబాద్ నుంచి కూడా నాకు రాస్తుంటారు. తప్పు ఒకటే కాబట్టి మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను.

ముందు ఆ యాప్ సంగతి. అలాంటి వినియోగ రుణాన్ని, అంటే సొంత ఖర్చులకు, వస్తువులకు ఇచ్చే అప్పును, ఇల్లు కొనడానికి వాడటం చైనాలో నిషేధం. బ్యాంకు కనిపెడితే మొత్తం ఒకేసారి కట్టమనొచ్చు. కనిపెట్టలేదనుకుందాం. 18 శాతం వడ్డీతో రెండేళ్లలో తీర్చాలంటే నెలకు 3 వేలు. మిగతా 3.7 లక్షల ఇంటి లోనుకు 30 ఏళ్లు, 3.5 శాతం వేసుకున్నా ఈఎంఐ 1,660 దాకా వస్తుంది. రెండూ కలిపితే 4,660. సీజన్ లేని నెలలో అతనికి 3,500 కూడా రాదని మీరే రాశారు. అన్నం ఎక్కడ తింటాడు?

కనీస డౌన్ పేమెంట్‌ను 2024లో 15 శాతానికి తగ్గించారు. దాంతో 15 శాతం చేతిలో ఉంటే ఇల్లు కొనేయొచ్చని చాలామంది అనుకుంటున్నారు. కట్టాక ఇంకేం మిగిలింది అని ఎవరూ అడగడం లేదు. పైగా అక్కడ కొత్త ఫ్లాట్ చాలావరకు గచ్చు, గోడలతోనే చేతికిస్తారు. టైల్స్, బాత్రూమ్, వంటగది మనమే చేయించుకోవాలి. ఇక అబ్బాయి వైపు నుంచి ఇచ్చే కన్యాశుల్కం ఉండనే ఉంది. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని మనం రెండు కష్టాలుగా చెప్పుకుంటాం. అతనికి రెండూ ఒకే ఏడాదిలో వచ్చి పడుతున్నాయి.

నేను ఎప్పుడూ పాడే పాటే మళ్లీ పాడుతున్నాను: ఎమర్జెన్సీ ఫండ్. మీరు గ్వాంగ్‌జౌలో బట్టల పని చేస్తున్నారంటే జోంగ్‌దా బట్టల మార్కెట్ పక్కనున్న కాంగ్లె తెలిసే ఉంటుంది. హుబేయ్ టైలర్లతో నిండిన పేట. 2022 నవంబరులో కోవిడ్ లాక్‌డౌన్‌తో అక్కడ మిషన్లు ఆగిపోయాయి. గది అద్దె మాత్రం ఆగలేదు. చివరికి జనం అడ్డుగోడలు తోసుకుని వీధిలోకి వచ్చారు. పీసు కూలీకి నెల జీతం లేదు, తీసేస్తే పరిహారం దొరకడమూ కష్టమే. అందుకే ఉద్యోగికి ఆరు నెలల ఖర్చు చాలంటాను కానీ ఇతనికి తొమ్మిది నెలలది ఉండాలి. ఈఎంఐతో కలిపి నెలకు 4,500 అనుకుంటే 40 వేలు. ఊళ్లో అమ్మానాన్నల ఆస్పత్రి ఖర్చు ఇందులో కలపలేదు. సొంత జిల్లా దాటి పెద్ద ఆస్పత్రికి వెళితే పల్లెవాళ్ల ఆరోగ్య బీమా తిరిగిచ్చేది తగ్గుతుంది.

అంటే 70 వేలలో 40 వేలు ముట్టుకోకూడదు. మిగిలేది 30 వేలు. 15 శాతానికే 75 వేలు కావాలి. నెలకు సగటున 2 వేలు మిగిల్చినా ఇంకో రెండేళ్లు పడుతుంది. పడనివ్వండి. 2021 తర్వాత అక్కడ ఇళ్ల ధరలు దిగుతూనే వచ్చాయి, ఈ ఏడాది కొనకపోతే చేజారిపోయేదేమీ లేదు. ఈఎంఐ తప్పితే బ్యాంకు ఇల్లు వేలం వేస్తుంది. వేలంలో అప్పు తీరకపోతే మిగతాది అతని మీదే ఉంటుంది. కోర్టు ఎగవేతదారుల జాబితాలో పేరెక్కితే హైస్పీడ్ రైలు టికెట్ కూడా కొననివ్వరు.

కడుతున్న ఫ్లాట్ అసలే వద్దు. 2021లో ఎవర్‌గ్రాండ్ అనే పెద్ద ఇళ్ల నిర్మాణ కంపెనీ అప్పులు కట్టలేక చేతులెత్తేసింది. సగంలో ఆగిన ఫ్లాట్లు కొన్నవాళ్లు 2022లో ఈఎంఐలు కట్టబోమని ఎదురుతిరిగారు. కొనే రోజు వస్తే, జనం కాపురముంటున్న పాత ఫ్లాట్ చూడమనండి.

సొంతంగా పనిచేసుకునేవాళ్లను గృహ ప్రావిడెంట్ ఫండ్‌లో (ఇంటి కోసం నెలనెలా జమచేసే నిధి) చేర్చుకునే ప్రయోగం 2021లో ఆరు నగరాల్లో మొదలైంది, వాటిలో గ్వాంగ్‌జౌ ఒకటి. ఆ ఫండ్ లోను చౌక, సొంతూరి కొనుగోలుకు పనికొస్తుందో లేదో అక్కడి ఆఫీసులో అడగాలి. ఊళ్లో ఇంటి స్థలం హక్కు మాత్రం వదులుకోవద్దనండి.

మీరు సాయం చేయాలనుకుంటే 60 వేలు ఒక్కసారి చేతిలో పెట్టకండి. సీజన్ లేని మూడు నెలలు మీ దగ్గర పని ఉండేలా ఆర్డర్లు సర్దండి. ఏడాది తర్వాత ఆ 40 వేలు కదలకుండా ఉన్నాయో లేదో చూసి, అప్పుడు చేబదులు సంగతి మాట్లాడుకోండి. కాగితం రాసుకుని.