మ్యాగజైన్ తీసేస్తే పిస్టల్ ఖాళీ అయిపోయినట్టేనా?

ప్రశ్న: మా నాన్నగారు సంక్రాంతికి ముందు పోయారు. బీరువాలో ఆయన పాత బ్రౌనింగ్ పిస్టల్ ఉంది. బెల్జియంలో తయారైన 1910 మోడల్ అని తెలిసినాయన చెప్పారు. లైసెన్స్ నాన్నగారి పేరు మీదే ఉంది. నేను ఉంచుకోవచ్చా? అసలు అది ఇంకా పేలుతుందా? ముట్టుకోవాలంటేనే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: పేలుతుందనే అనుకోండి. ఎనభై ఏళ్ల పిస్టల్ కూడా ఒకసారి పేలడానికి వెనకాడదు. ముట్టుకోవాలంటే భయంగా ఉందన్నారు, ఆ భయం మంచిదే, ఇంకొన్నాళ్లు అలాగే ఉండనివ్వండి.

ముందు చట్టం సంగతి. లైసెన్స్ మీ నాన్నగారిది కాబట్టి ఆయన పోయాక ఆ పిస్టల్ మీ ఇంట్లో ఉండటానికి మీకు హక్కు లేదు. 1959 ఆయుధ చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్లో గానీ, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ అప్పగించాలి. రసీదు తీసుకోండి, అందులో పిస్టల్ నంబర్, తూటాల లెక్క రాయించండి. తర్వాత వారసుడిగా మీ పేరు మీద లైసెన్స్ కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు, 2016 ఆయుధ నియమాల్లో దానికి దారి ఉంది. మీ ఇంట్లో ఇంకా తుపాకులుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి, 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు ఆయుధాలే, వారసత్వంగా వచ్చినా అంతే. నిజానికి ఆ నియమాల ప్రకారం, లైసెన్స్‌దారుకి డెబ్భై ఏళ్లు నిండినా, ఆయుధం తీసుకుని పాతికేళ్లు దాటినా, బతికుండగానే వారసుడి పేరు ఇచ్చి మార్పించవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర పిస్టల్ ఉన్నవాళ్లు ఈ పని ఇప్పుడే మొదలుపెట్టండి, తర్వాత కాగితాల కోసం తిరగడం చాలా కష్టం.

ఇక అసలు విషయం. నా దగ్గరున్నది కోల్ట్ 1903, మా మేనమామ నుంచి వచ్చింది, లైసెన్స్ మారేదాకా డీలర్ దగ్గరే ఉంది. ఇంటికి తెచ్చుకున్న రోజు మ్యాగజైన్ (పిడిలో తూటాలు నింపి పెట్టే డబ్బీ) బయటికి లాగి, ఖాళీ అయిపోయిందనుకుని, ఊరికే స్లైడ్ (పిస్టల్ మీద ముందుకీ వెనక్కీ జారే పైభాగం) వెనక్కి లాగితే చాంబర్లోంచి, అంటే గొట్టం వెనక పేలబోయే తూటా కూర్చునే చోటు నుంచి, నల్లబడిన తూటా ఒకటి ఎగిరి గచ్చు మీద పడింది. ఎన్నేళ్ల నుంచి అలా ఉందో, డీలర్ కూడా చూడలేదు! పక్కగదిలో మా అమ్మాయి చదువుకుంటోంది. ఇప్పటికీ ఆ చప్పుడు తలచుకుంటే నా చేతులు చల్లబడతాయి.

మీ 1910లో మ్యాగజైన్ తీస్తే ట్రిగ్గర్ పనిచేయకుండా ఆపే ఏర్పాటు ఉంది, అది కాక బొటనవేలి సేఫ్టీ (పేలకుండా ఆపే మీట), పిడి వెనక నొక్కే సేఫ్టీ కూడా ఉన్నాయి. అయినా నమ్మకండి, అవన్నీ అరిగిపోయే భాగాలే. 1920ల మధ్య వరకు వచ్చిన కోల్ట్ 1903లలో అయితే మ్యాగజైన్ సేఫ్టీ అసలు లేదు, మ్యాగజైన్ తీశాక కూడా ట్రిగ్గర్ నొక్కితే పేలుతుంది. అందుకని స్టేషన్‌కి తీసుకెళ్లే ముందు తెలిసిన మాజీ సైనికుడినో డీలర్‌నో పిలవండి. గొట్టం మనుషులు లేని వైపు పెట్టి, ముందు మ్యాగజైన్ తీసి, తర్వాత స్లైడ్ లాగి, చాంబర్లో కంటితో చూసి, వేలితో తడిమి చూడాలి. ఈ వరస తిరగేస్తే, అంటే ముందు స్లైడ్ లాగి తర్వాత మ్యాగజైన్ తీస్తే, కొత్త తూటా లోపలికి ఎక్కి కూర్చుంటుంది.

లైసెన్స్ వచ్చాక కూడా 1910ని మీరే విప్పడానికి కూర్చోకండి. దాని స్ప్రింగ్ బ్యారెల్ (గొట్టం) చుట్టూ ఉంటుంది, గొట్టం చివరి బిళ్ల తిప్పగానే బాణంలా బయటికి వస్తుంది. కళ్లద్దాలు లేకుండా చేసే పని కాదది.

ప్రశ్న: నాది వెబ్లీ స్కాట్ పాయింట్ 32. మూడు తూటాలకొకసారి ఇరుక్కుపోతోంది. తూటాల తప్పా, పిస్టల్ తప్పా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందు మ్యాగజైన్‌ని అనుమానించండి. నా అనుభవంలో పాత పిస్టళ్లు ఇరుక్కోవడంలో ఎక్కువ పాపం దానిదే. ఏళ్ల తరబడి నింపి పెట్టిన మ్యాగజైన్ స్ప్రింగ్ బలం తగ్గిపోయి ఉండొచ్చు, మ్యాగజైన్ ఎప్పుడో కింద పడి దాని పై అంచులు కాస్త వంగినా తూటా సరిగ్గా నిలబడదు. ఇంకో మ్యాగజైన్ దొరికితే మార్చి చూడండి, సగం సమస్య అక్కడే తేలిపోతుంది.

రెండోది, పాయింట్ 32 పిస్టల్ తూటాకి అడుగున అంచు కొంచెం బయటికి ఉంటుంది. నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకి ముందు ఉండాలి. వెనక పడితే ఒకదానికొకటి పట్టేసుకుని కదలవు. నింపడం మీద శ్రద్ధ పెట్టండి, సగం నింపి తీసి చూడండి.

ఇంకొకటి, మీ తూటాలు రివాల్వర్ తూటాలు కావు కదా? రెండిటినీ పాయింట్ 32 అనే అంటారు. మన దేశంలో తయారయ్యే పాయింట్ 32 రివాల్వర్‌కి వాడేది వేరే, పొడవైన తూటా. పిస్టల్‌ది పొట్టిది. కొట్లో అడిగేటప్పుడు పిస్టల్‌కి అని చెప్పి అడగండి.

ఇవేవీ కాకపోతే స్లైడ్‌ని ముందుకు తోసే స్ప్రింగ్ అలసిపోయి ఉంటుంది. వెబ్లీలో అది చుట్టల స్ప్రింగ్ కాదు, పిడి చెక్క కింద ఉండే ఇంగ్లిష్ వి ఆకారపు బద్ద. ఏదో ఒక స్ప్రింగ్ కోసి పెట్టేస్తానన్న మెకానిక్‌కి ఇవ్వకండి, లైసెన్స్ ఉన్న తుపాకుల మరమ్మతువాళ్లకే ఇవ్వండి. లండన్ పోలీసులు 1911లో తీసుకున్న పిస్టల్ అది, చక్కటి పనితనం, నాకు చాలా ఇష్టం. పాడు చేయించుకోకండి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. పాత కోల్ట్ 1903 కొన్నాను, సన్నగా, చేతికి హాయిగా ఉంది. తూటా ఎక్కించి, సేఫ్టీ వేసి నడుముకి పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. దాన్ని హ్యామర్‌లెస్ అంటారు గానీ హ్యామర్ (తూటా పేలేలా కొట్టే సుత్తి) ఉంది, స్లైడ్ లోపల కనపడకుండా ఉంటుంది. తూటా ఎక్కిస్తే ఆ సుత్తి కొట్టడానికి లేచి ఉన్నట్టే, బయటి నుంచి చూస్తే తెలియదు. ఇప్పటి చాలా పిస్టళ్లలో ఫైరింగ్ పిన్‌ని (తూటా అడుగున పొడిచే సూదిని) ఆపే అడ్డు ఉంటుంది, దానిలో లేదు. గట్టి నేల మీద పడితే పేలే ప్రమాదం ఉంది. రేంజ్‌లో కాల్చుకోండి, ఆనందించండి, చాంబర్ మాత్రం ఖాళీగా ఉంచండి.

ప్రశ్న: ఎన్నికలప్పుడు స్టేషన్లో పెట్టిన పిస్టల్ తుప్పుపట్టి వచ్చింది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: పైపైన ఉన్న ఎర్ర తుప్పు అయితే నూనె రాసి ఒక రాత్రి ఉంచి, మెత్తటి గుడ్డతో తుడవండి. గరుకు కాగితం వేయకండి, నీలి పూత పోతుంది. బ్యారెల్ లోపల గుంటలు కనపడితే కాల్చకుండా మరమ్మతువాళ్లకు చూపించండి. ఈసారి ఇచ్చేముందు లోపలా బయటా పల్చగా నూనె రాసి ఇవ్వండి, తోలు ఒరలో పెట్టి ఇవ్వకండి, తోలు చెమ్మ పీల్చి ఇనుముకి అంటిస్తుంది. తిరిగి తీసుకునేటప్పుడు అక్కడే, వాళ్ల ముందే, రసీదులో నంబరూ పిస్టల్ మీద నంబరూ ఒకటేనా అని చూసుకోండి.