అమ్మను పాత స్నేహితురాళ్ళ దగ్గరికి బెంగళూరు తీసుకెళ్ళాలి, ఏమేం చూసుకోవాలి?

మీరు రాసిందాన్ని బట్టి మీ అమ్మగారికి డెబ్బై దాటాయి, మోకాళ్ళ నొప్పులున్నాయి. ఒకప్పుడు బెంగళూరులో తనతో పనిచేసినవాళ్ళను ఒక్కసారి చూసి రావాలని అడుగుతున్నారు. అంత ప్రయాణం తట్టుకుంటారా, ముందుగా ఏమేం చూసుకోవాలి అన్నది మీ సందేహం.

తీసుకెళ్ళండి. 2024 జనవరిలో నేను మా అమ్మను అనంతపురం నుంచి ఇదే పని మీద తీసుకెళ్ళాను. ప్రయాణం గురించి నేను పడిన టెన్షన్‌లో ముప్పాతిక వంతు అనవసరం. పడాల్సిన చోట మాత్రం పడలేదు. రెండూ చెప్తాను.

అమ్మ 1979లో, ఇరవయ్యేళ్ళ వయసులో, జాలహళ్ళిలో హెచ్‌ఎంటీ వాచీ ఫ్యాక్టరీలో చేరింది. జపాన్ సిటిజన్ కంపెనీతో కలిసి 1961లో మొదలుపెట్టిన ఫ్యాక్టరీ అది. వాచీలు బిగించే సెక్షన్లలో ఆడవాళ్ళు చాలామంది ఉండేవాళ్ళు. 1987లో నాన్నకు అనంతపురం బదిలీ అయితే అమ్మ ఉద్యోగం మానేసి వచ్చేసింది. మరుసటేడు నేను పుట్టాను. అంటే నాకు తెలిసిన అమ్మ ఎప్పుడూ ఇంట్లో ఉన్న అమ్మే. ఫ్యాక్టరీకి గుర్తుగా మా ఇంట్లో మిగిలింది ఒక బ్లాక్ అండ్ వైట్ ఫోటో, బీరువా సొరుగులో సన్నటి చిమ్టా ఒకటి. చిన్నప్పుడు నా కాళ్ళలో ముళ్ళు దాంతోనే తీసేది. ఎప్పుడూ రెండోసారి పెట్టాల్సిన అవసరం రాలేదు.

ఒకే బెంచీ మీద ఐదుగురు ఉండేవాళ్ళట. పేర్లు రాయను, అమ్మ కూడా వాళ్ళను ఊళ్ళ పేర్లతోనే పిలుస్తుంది: కోలారు, తుమకూరు, మల్లేశ్వరం, మండ్య. కొన్నేళ్ళు ఉత్తరాలు నడిచాయి, తర్వాత ఆగిపోయాయి. హిందూపురంలో ఒక పెళ్ళిలో కోలారు ఆంటీ చెల్లెలు ఎదురుపడి ఫోన్ నంబర్ ఇవ్వడంతో మళ్ళీ కలిశారు. ఆంటీ కొడుకూ నేనూ ఏర్పాట్లు మొదలుపెట్టాం.

కారు మాట్లాడదామంటే అమ్మ ఒప్పుకోలేదు. "రైలైతే లేచి నాలుగడుగులు వేయొచ్చు" అంది. ఆమె మాటే నిజం. రోడ్డు మీద రెండొందల కిలోమీటర్లకు పైనే. అంతసేపు మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటే దిగేటప్పుడు కాలు రాదు. రైల్లో బాత్రూం కూడా ఉంటుంది. ఆడవాళ్ళు పైకి చెప్పరు గానీ, మా అమ్మ లాంటివాళ్ళు ప్రయాణమంటే నీళ్ళు తాగడం మానేసేది అందుకే. నలభై ఐదు దాటిన ఆడవాళ్ళకు లోయర్ బెర్త్ కోటా ఉంటుంది, టికెట్ తీసేటప్పుడు అది ఎంచుకోండి. ఒక మెలిక ఉంది: వయసు చాలని మీరు అదే టికెట్‌లో ఉంటే ఆ కోటా కుదరదు, ఆమెది విడిగా తీయాలి. నాకు తెలియక ఇద్దరికీ ఒకే టికెట్ తీశాను, అమ్మకు మిడిల్ బెర్త్ వచ్చింది. పగటి ప్రయాణం కాబట్టి బతికిపోయాం.

పెనుకొండ కొండ కనపడగానే అమ్మ కిటికీ దగ్గరికి జరిగింది. గౌరీబిదనూరులో టీ అమ్మే అబ్బాయితో కన్నడంలో మాట్లాడి, చిల్లర దగ్గర చిన్న గొడవ కూడా పెట్టుకుంది. ఆమె నోట నేను కన్నడం వినడం అదే మొదలు.

యశ్వంతపురలో దిగాం. మెట్రో స్టేషన్ అక్కడే రైల్వే స్టేషన్ పక్కనే ఉంటుంది. దగ్గర్లో ఒక లాడ్జిలో గది తీసుకున్నాను. లిఫ్ట్ ఉందా అని ముందే ఫోన్ చేసి అడిగాను, ఉందన్నారు. నిజమే, ఉంది. పనిచేయడం లేదు. అమ్మ రెండంతస్తులు మెట్టు మెట్టుకీ ఆగి ఎక్కింది. మీరైతే కింది అంతస్తులో గది కావాలని అడగండి. వెస్ట్రన్ టాయిలెట్ ఉందో లేదో కూడా అప్పుడే అడిగేయండి, మొహమాటపడొద్దు.

ఇక నా గొప్ప ప్లాన్. అందరినీ లాల్‌బాగ్‌లో పూల గడియారం దగ్గర కలపాలనుకున్నాను. 1983లో హెచ్‌ఎంటీ వాళ్ళు పెట్టించిన గడియారం అది, ఏడు మీటర్ల వ్యాసం, ముళ్ళ కింద అంతా మొక్కలే. అప్పటికి అమ్మ ఉద్యోగంలోనే ఉంది. పైగా యశ్వంతపుర, లాల్‌బాగ్ రెండూ మెట్రో గ్రీన్ లైన్ మీదే, మధ్యలో మారే పని లేదు. ఫోటో ఎలా తీయాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. ఒక్కటే మర్చిపోయాను. లాల్‌బాగ్‌లో ఏటా ఆగస్టు 15కి, జనవరి 26కి పూల ప్రదర్శన జరుగుతుంది. మేం సరిగ్గా ఆ శనివారమే వెళ్ళాం. గేటు దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. పూల గడియారం కాదు కదా, గేటు లోపలి చెట్టు కూడా మాకు దక్కలేదు.

కాబట్టి ముప్పై ఆరేళ్ళ తర్వాత వాళ్ళు కలుసుకుంది మెట్రో బయట, జామకాయల బండి పక్కన. స్వెటర్ వేసుకున్న ఒకావిడ అమ్మను పైనుంచి కిందిదాకా చూసి, "ఏనే ఖారా, ఎష్టు దప్ప ఆగిద్దీయే!" అన్నారు. ఎంత లావయ్యావే అని. ఈ ఖారా ఎవరు అని నేను అడిగేలోపే అమ్మ ఆవిడ భుజం మీద ఒక్కటి చరిచింది. ఖారా అంటే కన్నడంలో కారం. అమ్మ క్యారియర్‌లో తెచ్చే ఊరిబిండి తిని మొదటిరోజు వీళ్ళందరికీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయట, అప్పట్నుంచి అదే పేరు. అరవై ఐదేళ్ళ మా అమ్మకు ఒక ముద్దుపేరు ఉందని నాకు ఆ జామకాయల బండి దగ్గర తెలిసింది.

కాఫీ తాగుదామంటే దగ్గర్లో ఉన్నవన్నీ దర్శినులు. టిఫిన్ బ్రహ్మాండంగా ఉంటుంది గానీ నిలబడి తినాలి, మోకాళ్ళ నొప్పులవాళ్ళకు పనికిరాదు. కలిసే చోటు ఎంచుకునేటప్పుడు చూడటానికి ఏముంది అని కాదు, నాలుగు గంటలు కూర్చోవచ్చా అని చూడండి. మల్లేశ్వరం ఆంటీ ఇంక ఆగలేదు. "పద, ఇంటికి పోదాం" అని అందరినీ మళ్ళీ మెట్రో ఎక్కించి, సంపిగె రోడ్ దగ్గర దింపి వాళ్ళింటికి తీసుకెళ్ళారు.

నేను చేసిన అసలు తప్పు అక్కడ బయటపడింది.

కాఫీ గ్లాసులు ముందుకొచ్చాక అమ్మ తలలు లెక్కపెట్టి, "మండ్య ఏదీ? దానికి ఎప్పుడూ లేటే" అంది. ఎవరూ మాట్లాడలేదు. మండ్య ఆంటీ 2021లోనే పోయారు. కోలారు ఆంటీ కొడుకు నాకు రెండు వారాల ముందే చెప్పాడు. ప్రయాణానికి ముందు అమ్మ మనసు పాడుచేయడం ఎందుకు, వచ్చాక మెల్లగా చెప్దాంలే అనుకున్నాను. వాళ్ళేమో నేను చెప్పే ఉంటాననుకున్నారు. అమ్మ వాళ్ళవైపు చూడలేదు, నావైపు చూసింది. "నీకు తెలుసునా?" అంది. తెలుసన్నాను. లేచి పెరట్లోకి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి, ఎప్పుడు, ఎట్లా అని వాళ్ళనే అడిగింది. నన్ను మళ్ళీ ఒక్క మాట అడగలేదు.

ఆ రాత్రి లాడ్జిలో, దీపం ఆర్పాక అంది: "ఇంట్లోనే చెప్పింటే ఇంట్లోనే ఏడ్చి వచ్చేదాన్ని కదమ్మా. వాళ్ళ ఏడుపు మూడేండ్ల కిందట్నే అయిపాయె. అందరి ముందర నేనొక్కదాన్నే కొత్తగా ఏడ్చాల్సొచ్చె." నేనేం చెప్పను? పడుకున్నట్టు నటించాను.

మీ పనుల్లో మొదటిది ఇదే అనుకోండి. వెళ్ళే ముందు అక్కడివాళ్ళ పిల్లలకు ఫోన్ చేసి అన్నీ కనుక్కోండి: ఎవరున్నారు, ఎవరు లేరు, ఎవరి భర్త పోయారు, ఎవరికి చెవులు సరిగ్గా వినపడవు, ఎవరు మనుషుల్ని గుర్తుపట్టడం లేదు, ఎవరికీ ఎవరికీ మాటల్లేవు. కనుక్కున్నది మొత్తం మీ అమ్మగారికి వారం ముందే చెప్పేయండి. లేకపోతే ఆవిడ వెళ్ళి ఎవరినో "మీ ఆయన బాగున్నాడా" అని అడుగుతారు, తర్వాత ఆ మాటే తలచుకుని బాధపడతారు.

సరే, మళ్ళీ ఆ మధ్యాహ్నానికి వస్తాను. భోజనాలయ్యాక కోలారు ఆంటీ బ్యాగులోంచి రుమాలు తీసి విప్పారు. అందులో వాళ్ళాయన వాచీ, హెచ్‌ఎంటీ పైలట్. నల్ల డయల్ అంచుల్లో కాస్త వెలిసిపోయింది. కీ ఇస్తే నాలుగు సెకన్లు తిరిగి ఆగిపోతోందట. నాలుగు తలలూ దాని మీదికి వంగాయి. తుమకూరు ఆంటీ కీ తిప్పి చూసి, ఫుల్లుగా ఉంది, మెయిన్ స్ప్రింగ్ బాగానే ఉందన్నారు. అమ్మ వాచీని పడుకోబెట్టి మణికట్టుతో ఒక్కసారి గుండ్రంగా కదిపింది. అది లేచి టికటికమని కొట్టుకుని మళ్ళీ ఆగింది. "ఆయిల్ ఎండిపోయింది" అంది. మల్లేశ్వరం ఆంటీ కాదు, దుమ్ము అన్నారు. అమ్మ నన్ను పిలిచి వాచీ నా చెవికి ఆనించి, "నా చెవి ఇప్పుడు పనికిరాదు, నువ్వు విను. సెకనుకు ఐదు కొట్టాల. లెక్కపెట్టు" అంది. నాకెక్కడ అందుతుంది? నా ముంజేతి మీద వేలితో కొట్టి చూపించింది, సమంగా, ఐదు, మళ్ళీ ఐదు. కళ్ళు మూసుకుని కొడుతోంది.

అమ్మ పని హెయిర్‌స్ప్రింగ్ దగ్గరట. తలవెంట్రుక కన్నా సన్నటి చుట్ట, చిమ్టాతో పట్టుకునేటప్పుడు ఊపిరి కూడా బిగబట్టాలి, తుమ్మితే ఆ స్ప్రింగ్ మీద ఆశ వదులుకోవాల్సిందే. చెమట తగిలితే తుప్పు పడుతుందని వేళ్ళకు రబ్బరు తొడుగులు. రోజుకు ఎన్ని చేసేదానివి అని అడిగితే వాళ్ళలో వాళ్ళకే అంకె దగ్గర తగాదా వచ్చింది. మూత కత్తితో తీసి చూద్దామని తుమకూరు ఆంటీ అంటే మిగతా ముగ్గురూ ఒకేసారి "సూపర్‌వైజర్!" అని కేకేసి పగలబడి నవ్వారు. ఆ నవ్వు వెనకాల ఏదో పాత కథ ఉంది. అడిగితే చెప్పలేదు.

కాసేపటికి మల్లేశ్వరం ఆంటీ నా చేతిలో సంచీ పెట్టి, ఎనిమిదో క్రాస్‌కు వెళ్ళి కాఫీ పొడి పట్టించుకు రమ్మన్నారు. ఇంట్లో కాఫీ పొడి డబ్బా నిండుగా ఉండటం నేను చూశాను. గంటసేపు ఇటు రావద్దని అర్థం. అప్పటిదాకా నేను మాత్రలు వేసుకున్నావా, నీళ్ళు తాగావా, ఫోటోకి ఇటు చూడండి అంటూ వాళ్ళ మధ్యే తిరుగుతున్నాను. మీరు ఎవరూ పంపకముందే బయటికి నడవండి. నేను ఆ గంటా పూల అంగళ్ళు చూస్తూ తిరిగాను. తిరిగొచ్చేసరికి అమ్మ కొంగు తడిగా ఉంది, మొహం తేలిగ్గా ఉంది.

మర్నాడు జాలహళ్ళిలో హెచ్‌ఎంటీ హెరిటేజ్ మ్యూజియం చూపించాను. వాచీల కంపెనీని మూసేయాలని ప్రభుత్వం 2016లో నిర్ణయించింది, ఇప్పుడు చూడాలంటే మ్యూజియమే గతి. గంటన్నర పడుతుందనుకుంటే అమ్మ ఇరవై నిమిషాల్లో బయటికొచ్చేసింది. "అన్నీ నేను చూసినవే కదా" అంది. వాచీలంటే మీకు ఇష్టమైతే మీ కోసం వెళ్ళండి.

మొన్న మార్చిలో తుమకూరు ఆంటీ మనవరాలికి చెవులు కుట్టించారు. అమ్మ నన్ను టికెట్ తీయమంది, ఒక్కటే. నేనూ వస్తానన్నాను. "నువ్వొస్తే వాళ్ళకు నీకు మర్యాదలు చేయనీకే సరిపోతాది. ఎక్కించు సాలు, యశ్వంతపురకు కోలారు వచ్చి దింపుకుంటాది" అంది. విడి టికెట్ కదా, ఈసారి లోయర్ బెర్త్ వచ్చింది.