రివర్స్ థ్రస్ట్ ఉండగా విమానం బ్రేకులకు ఇన్ని తనిఖీలు ఎందుకు?

‘దిగాక ఆపడానికి రివర్స్ థ్రస్ట్ (ఇంజిన్ గాలిని ముందుకు మళ్ళించి వేగం తగ్గించడం) ఉంది కదా, బ్రేకు కాస్త అరిగిందని విమానాన్ని నిలబెట్టేయడం అతి కాదా?’ అని అడిగారు. అసలు అతి కాదు. బ్రేకు అరుగుదలకు పరిమితి పెట్టింది పరుగు మధ్యలో టేకాఫ్ మానుకోవాల్సి వచ్చే ఆ ఒక్కసారి కోసం. నిండు ఇంధనం, పూర్తి బరువు, వీ1 వేగం (ఇది దాటాక టేకాఫ్ మానుకోకూడదు): ఆ శక్తిలో ఎక్కువ భాగం బ్రేకు డిస్కులే వేడిగా మింగాలి. పొడి రన్‌వే మీద ఆగే దూరం లెక్కలో రివర్స్ థ్రస్ట్‌ను కలపనివ్వరు.

1988 మే 21న డాలస్-ఫోర్ట్‌వర్త్‌లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ డీసీ-10 పరుగులో ఉండగా వీ1 దగ్గర స్లాట్ల (రెక్క ముందంచున తెరుచుకునే పలకల) హెచ్చరిక వచ్చింది, పైలట్లు టేకాఫ్ మానుకున్నారు. పది బ్రేకుల్లో ఎనిమిది విఫలమయ్యాయి. విమానం రన్‌వే దాటిపోయింది, ముక్కు గేరు విరిగింది. ప్రాణాలు పోలేదు. ఆ బ్రేకులు అప్పటి అరుగుదల పరిమితి లోపలే ఉన్నాయి! సర్టిఫికేషన్ పరీక్ష కొత్త బ్రేకులతో చేసి, అరిగినవీ అలాగే పట్టుకుంటాయనుకున్నారు. డిస్కు పలచబడితే వేడిని దాచుకునే బరువు తగ్గుతుంది, డిస్కులను నొక్కే పిస్టన్ ఇంకా బయటికి రావాలి. తర్వాత అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ పరిమితులు బిగించింది, పూర్తిగా అరిగిన బ్రేకుతో పరీక్ష నెగ్గాలంది.

వేర్ పిన్ (బ్రేకు ఎంత అరిగిందో చూపే చిన్న కడ్డీ) చూడటం రెండు నిమిషాల పనే, కానీ తప్పు చేయడం తేలిక. చక్రాలకు చాక్స్ (కదలకుండా అడ్డుదిమ్మెలు) పెట్టి, పార్కింగ్ బ్రేక్ వేసి, గేజ్‌లో పూర్తి పీడనం (చాలా ఎయిర్‌లైనర్లలో 3,000 పీఎస్‌ఐ) ఉందో లేదో చూసుకోవాలి. పీడనం లేకుండా చూస్తే ప్రెషర్ ప్లేట్ (డిస్కులను నొక్కే పలక) వెనక్కి జరిగి ఉంటుంది, పిన్ పొడుగ్గా కనిపించి ఇంకా చాలా ఉందనిపిస్తుంది. రెండు పిన్నులుంటే పొట్టిదే లెక్క. పిన్ బయటికి పొడుచుకు రాకుండా అంచుతో సమమైతే బ్రేకు మార్చాల్సిందే. ‘ఇంకో రెండు ల్యాండింగులు లాగుతుందిలే’ అన్న మాటకు అక్కడ చోటు లేదు.

పిన్ చెప్పని సంగతీ ఉంది. చలి దేశాల్లో రన్‌వే మీద మంచు కరగడానికి చల్లే పొటాషియం అసిటేట్, ఫార్మేట్ కార్బన్ డిస్కులను ఆక్సీకరణతో లోపలినుంచి తినేస్తాయి. పిన్ బాగానే ఉంటుంది, డిస్కు అంచు మాత్రం మెత్తబడి పెచ్చులూడుతుంది. టార్చి వేసి అంచులు, డ్రైవ్ లగ్గులు (డిస్కును చక్రానికి పట్టించే పళ్ళు) చూడాలి. పిస్టన్ల దగ్గర హైడ్రాలిక్ చెమ్మ, గొట్టం ఒరుసుకున్న గుర్తులు కూడా.

ట్యాక్సీలో (విమానాన్ని నేల మీద నడిపేటప్పుడు) బ్రేకును మాటిమాటికీ తట్టే అలవాటు కూడా మానాలి. కార్బన్ బ్రేకు ఎంత గట్టిగా నొక్కారన్న దానికన్నా ఎన్నిసార్లు నొక్కారన్న దాన్నిబట్టి అరుగుతుంది. వేగం కాస్త పెరగనిచ్చి, ఒక్కసారి గట్టిగా నొక్కి వదలాలి.

‘బ్రేకులు చల్లబడాలి’ అంటే ప్రయాణికులు విసుక్కుంటారు. ఎయిర్‌బస్ ఏ320లో బ్రేకుల వేడి 300 డిగ్రీల సెల్సియస్ దాటితే టేకాఫ్ చేయకూడదు. గేరు లోపలికి ముడుచుకున్నాక ఆ వేడి మీద హైడ్రాలిక్ ద్రవం కారితే అంటుకోవచ్చు. నేల మీద కూడా వేడి చక్రం దగ్గరికి ముందునుంచో వెనకనుంచో వెళ్ళాలి, ఇరుసు పక్కనుంచి ఎప్పుడూ వెళ్ళకూడదు. పేలితే ముక్కలు పక్కకే ఎగురుతాయి.