ఎంపీఎఫ్ఐ ఇంజిన్ వేసిన జిప్సీ ఎత్తు ఎక్కుతుంటే ఆగిపోతోంది: మ్యాప్ మార్చాలా?

పాత ఒక లీటరు కార్బ్యురేటర్ మారుతి జిప్సీలో ఎస్టీమ్ కారు 1.3 లీటర్ల ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో పెట్రోలు చల్లే) ఇంజిన్‌ను విడి ఈసీయూతో (ఇంజిన్‌ను నడిపే కంప్యూటరుతో) బిగించారని, రోడ్డు మీద బాగానే నడిచే బండి నిటారు ఎత్తుల్లో ఉన్నట్టుండి ఆగిపోతోందని, ఫ్యూయల్ మ్యాప్ (ఎప్పుడు ఎంత పెట్రోలు చల్లాలో ఈసీయూకు చెప్పే పట్టిక) మళ్లీ రాయించాలా అని ఒకరు అడిగారు. నా బండిలోనూ ఇదే జోడీ ఉంది. ఫ్యూయల్ రైలులో (ఇంజెక్టర్లకు పెట్రోలు అందించే గొట్టంలో) ఒత్తిడి ఎంతుందో చూడకుండా మ్యాప్ జోలికి వెళ్లవద్దని నా సలహా.

కార్బ్యురేటర్‌లో ఫ్లోట్ గిన్నె ఉంటుంది కాబట్టి, బండి వాలి ట్యాంకులోని గొట్టం కాసేపు గాలి పీల్చినా గిన్నెలో మిగిలిన పెట్రోలుతో ఇంజిన్ నెట్టుకొస్తుంది. ఇంజెక్షన్‌లో ఆ నిల్వ లేదు. పంపులోకి గాలి చేరగానే ఒత్తిడి పడిపోతుంది. నేను రైలు నుంచి పొడవాటి గొట్టం తీసి గేజిని అద్దం బయట వైపర్ కింద ఇరికించి వికారాబాద్ వైపు కొండదారుల్లో నడిపాను. ట్యాంకు సగానికి తగ్గాక, మూడు బార్ల దగ్గర నిలకడగా ఉన్న ముల్లు గట్టు ఎక్కుతుండగా వణికి సగానికి జారింది, రికార్డు (లాగ్)లో లాంబ్డా (గాలి-పెట్రోలు పాళ్లను చెప్పే అంకె; 1 దాటితే పెట్రోలు తక్కువైనట్టు) కూడా అదే క్షణంలో 1.2 దాటింది. ఇలాంటి చోట మ్యాప్‌లో పెట్రోలు పెంచితే ఎత్తులో ఆగడం తప్పదు, చదునులో మాత్రం నల్లపొగ వస్తుంది.

దీనికి మందు ఒకటి రెండు లీటర్ల సర్జ్ ట్యాంకు. తక్కువ ఒత్తిడి పంపు పాత ట్యాంకు నుంచి దాన్ని ఎప్పుడూ నిండుగా ఉంచాలి, ఇంజెక్షన్ పంపు దాని అడుగు నుంచి లాగాలి, రైలు నుంచి తిరిగొచ్చే పెట్రోలు మళ్లీ అందులోనే పడాలి, పైకి పొంగినది, గాలితో సహా, పాత ట్యాంకుకు పోవాలి. దాన్ని ఇంజిన్ వేడికి, సైలెన్సర్ గొట్టానికి దూరంగా బిగించండి.

ఒత్తిడి నిలిచాకే ట్యూనింగ్. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు సరైన గాలి-ఇంధన నిష్పత్తి 14.7 కాదు, సుమారు 13.5; అందుకే గాలి-ఇంధన మీటరును లాంబ్డాలోనే చదవడం మేలు. మామూలు నడకలో 1.0, పూర్తి థ్రాటిల్‌లో 0.87 చుట్టూ ఉంచితే ఈ ఇంజిన్‌కు సరిపోతుంది. రోడ్డు బండికి రాసిన మ్యాప్‌లో 800 నుంచి 2000 ఆర్‌పీఎం వరకు గడులు పలుచగా ఉంటాయి, లో-రేంజ్‌లో (కఠినమైన దారుల్లో వేసే తక్కువ వేగపు గేర్లలో) మనం గడిపేదంతా అక్కడే కాబట్టి ఆ భాగంలో గడులు దగ్గర దగ్గరగా వేయించండి. రాళ్ల మీద కుదుపులకు పెడల్ మీది కాలు కదిలిన ప్రతిసారీ ఈసీయూ దాన్ని యాక్సిలరేషన్‌గా లెక్కగట్టి అదనంగా పెట్రోలు చల్లుతుంది; థ్రాటిల్ సెన్సర్ కదలిక పరిమితిని కొంచెం పెంచితే ఆ ఉక్కిరిబిక్కిరి తగ్గుతుంది. ఇంజిన్ మార్పును ఆర్‌సీలో ఇంకా ఎక్కించకపోతే ఆ పని కూడా చూసుకోండి.